ముగ్గురి కంపెనీ, ఒక్కడి పుస్తకం

– పదవ తరగతి విద్యార్థిని, హోసూరు

స్టీవ్ జాబ్స్ పేరు తెలియనివాళ్ళు మా తరగతిలో లేరు. హోసూరు నుంచి బెంగళూరు పోయే దారిలోనే ఎలక్ట్రానిక్ సిటీ ఉంది కాబట్టి, మా ఊరి అన్నలూ అక్కలూ చాలామంది రోజూ ఆ బస్సే ఎక్కుతారు. వాళ్ళను చూసి పెరిగినందుకేమో, పెద్దయ్యాక ఏం చేస్తారని సార్లు అడిగితే మావాళ్ళు ఇప్పుడు డాక్టరు, టీచరు అని మాత్రమే చెప్పడం లేదు. "కంపెనీ పెడతాం" అంటున్నారు. ఎవరితో కలిసి పెడతావు అని అడిగితే మాత్రం జవాబు రాదు. అందరూ జాబ్స్ అయ్యేవాళ్ళే. పక్కన కూర్చొని పని చేసేవాడు ఎవడో ఎవరికీ తోచదు.

ఆ ప్రశ్న మనసులో పెట్టుకొనే వేసవి సెలవుల్లో వాల్టర్ ఐజాక్సన్ రాసిన 'స్టీవ్ జాబ్స్' చదివాను. 2011 అక్టోబరులో, జాబ్స్ చనిపోయిన కొద్ది రోజులకే వచ్చిన పుస్తకం ఇది. ఇంగ్లీషులో ఆరువందల పేజీలకు పైనే. నిఘంటువు పక్కన పెట్టుకొని చదివితే నాకు నెలన్నర పట్టింది. రచయిత జాబ్స్‌తో నలభైసార్లకు పైగా మాట్లాడాడు. ఆయన స్నేహితులతోనూ, ఆయనంటే గిట్టనివాళ్ళతోనూ మాట్లాడాడు. జాబ్స్ కోపం, కఠినత్వం, అబద్ధాలు ఏవీ దాచలేదు. గొప్పవాళ్ళ జీవిత చరిత్రలంటే పొగడ్తలే అనుకునే నాకు ఇది కొత్తగా అనిపించింది. ఇందులో నిజాలు లేవని నేను అనడం లేదు. ఏ నిజానికి ఎన్ని పేజీలు ఇచ్చాడు అన్నదే నా పేచీ.

1976 ఏప్రిల్ 1న ఆపిల్ కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టినవాళ్ళు ముగ్గురు. స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్, రొనాల్డ్ వేన్. జాబ్స్‌కు 45 శాతం, వోజ్నియాక్‌కు 45 శాతం, వేన్‌కు 10 శాతం. అప్పటికి జాబ్స్‌కు 21 ఏళ్ళు. వోజ్నియాక్ ఆయన కంటే దాదాపు అయిదేళ్ళు పెద్ద, హ్యూలెట్ ప్యాకార్డ్‌లో కాలిక్యులేటర్లు తయారుచేసే ఇంజనీరు. వేన్ నలభై దాటినవాడు, జాబ్స్‌తో పాటు అటారీ అనే వీడియో గేముల కంపెనీలో పనిచేసేవాడు.

వేన్‌ది ఈ పుస్తకంలో చాలా చిన్న పాత్ర. ఒప్పందం రాసింది ఆయనే. చెట్టు కింద న్యూటన్ కూర్చున్న మొదటి ఆపిల్ బొమ్మ గీసిందీ ఆయనే. కానీ ఏప్రిల్ 12కే భాగం వదులుకొని బయటికి వచ్చేశాడు. అందుకు 800 డాలర్లు, తర్వాత ఇంకో 1,500 డాలర్లు ముట్టాయి. ఆ 10 శాతం ఉంచుకొని ఉంటే 2010 చివరికి సుమారు 260 కోట్ల డాలర్లు అయ్యేదని రచయిత లెక్క కట్టి చూపిస్తాడు. ఆ లెక్క చదివిన ఎవరైనా "అయ్యో పిచ్చోడా" అనుకుంటారు. నేనూ అట్లే అనుకొని మా నాయనకు చదివి వినిపించాను.

మా నాయనకు సిప్‌కాట్ దగ్గర ఇంకో మామతో కలిసి చిన్న లేత్ షాపు ఉంది. ఆయన నవ్వలేదు. "వాళ్ళిద్దరి దగ్గర ఏముండాది?" అని అడిగినాడు. పుస్తకం తిరగేసి చెప్పాను. కంపెనీకి డబ్బు కావాలని జాబ్స్ తన వ్యాను అమ్మాడు, వోజ్నియాక్ తన కాలిక్యులేటరు అమ్మాడు. "మరి ఆ మూడోవానికి?" వేన్‌కు అంతో ఇంతో ఆస్తి ఉంది, పరుపులో బంగారు నాణేలు దాచుకున్నాడట. దానికి మాత్రం నాయన నవ్వి, "మన అవ్వ మాదిరే ఉన్నాడే" అన్నాడు. తర్వాత చెప్పినాడు: "పొత్తు వ్యాపారంలో షాపు అప్పు అంటే మన సొంత అప్పే. కట్టలేకపోతే అప్పిచ్చినోడు ముందు ఎవరింటికి పోతాడు? ఇల్లున్నోని ఇంటికే గదా."

నిజానికి పుస్తకంలోనూ ఈ కారణం ఉంది. అంతకు ముందు సొంతంగా పెట్టిన వ్యాపారంలో వేన్ దెబ్బతిన్నాడు. జాబ్స్ అప్పు చేసి సామాన్లు కొనాలని చూస్తుంటే ఆయనకు భయం వేసింది. ఇది నాలుగు ముక్కల్లో అయిపోతుంది. 260 కోట్ల డాలర్ల లెక్క మాత్రం మనసులో ఉండిపోతుంది. నాకు వేన్ పిచ్చోడిలా కనబడడం లేదు. ఇద్దరు కుర్రవాళ్ళు ఏమీ లేనివాళ్ళు కాబట్టి తెగించగలిగారు, ఆయన ఉన్నవాడు కాబట్టి తెగించలేకపోయాడు. "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అనే సామెత ఊరికే పుట్టలేదు. కంపెనీ పెట్టేవాళ్ళ ధైర్యం గురించి ఇంత పెద్ద పుస్తకం రాసినప్పుడు, భయం గురించి ఇంకో రెండు పేజీలు రాసి ఉంటే ఏం పోయేది?

ఇక వోజ్నియాక్. ఆయన లేకపోతే ఆపిల్‌కు అమ్మడానికి వస్తువే లేదు. మొదటి కంప్యూటరు బోర్డు గీసింది, ఏ చిప్పు ఎక్కడ పెట్టాలో ఆలోచించింది, ప్రోగ్రాము రాసింది అన్నీ ఆయనే. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అని కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్ళ సంఘం ఒకటి ఉండేది. అక్కడ తన నమూనా కాగితాలను ఆయన ఉచితంగా పంచేవాడు. ఊరికే ఇవ్వడం ఎందుకు, బోర్డులు చేసి అమ్ముదాం అన్నది జాబ్స్. బైట్ షాప్ అనే దుకాణానికి పోయి 50 కంప్యూటర్లకు, ఒక్కొక్కటి 500 డాలర్ల లెక్కన ఆర్డరు తెచ్చింది కూడా జాబ్సే. విడిభాగాలు 30 రోజుల అప్పు మీద తెచ్చి, ఆ గడువు లోపల బోర్డులు తయారుచేసి ఇచ్చారు. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఇంటి గదుల్లో, గ్యారేజీలో జాబ్స్ చెల్లెలూ స్నేహితులూ కూర్చొని చిప్పులు బిగిస్తుంటే మా ఇళ్ళలో పండగకు ముందు అందరూ కూర్చొని అరిసెలు చేసినట్టే ఉంటుంది.

ఆ తర్వాత వచ్చే ఒక సంఘటన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వోజ్నియాక్ నాన్న కూడా ఇంజనీరే. తయారుచేసింది నా కొడుకు, నువ్వేం చేశావని సగం అడుగుతున్నావు అని ఆయన జాబ్స్‌ను ముఖం మీదే నిలదీశాడు. జాబ్స్ ఏడ్చేశాడు. సగం సగం కాకపోతే మొత్తం నువ్వే తీసుకో అని వోజ్నియాక్‌తో అన్నాడు. వోజ్నియాక్ ఒప్పుకోలేదు. జాబ్స్ లేకపోతే తాను ఇంకా క్లబ్బులో కాగితాలు పంచుకుంటూనే ఉండేవాణ్ణని ఆయనకు తెలుసు.

ఆ నాన్న అడిగింది తప్పా? ఇది మాకు చాలా దగ్గరి ప్రశ్న. ఒక సైన్సు ప్రదర్శనకు మా స్నేహితురాళ్ళిద్దరు నేల తడి ఆరితే తనంతట తానే మోటారు వేసుకొనే నమూనా చేశారు. వైర్లు అతికించి, రెండుసార్లు కాలిపోతే మళ్ళీ చేసింది ఒకమ్మాయి. వచ్చినవాళ్ళకు తమిళంలో, ఇంగ్లీషులో గడగడా చెప్పింది ఇంకో అమ్మాయి. చూసినవాళ్ళందరూ రెండో అమ్మాయినే మెచ్చుకొని పోయారు. మొదటి అమ్మాయికి ఇంగ్లీషులో నోరు రాదు, వెనక నిలబడి మోటారు ఆగిపోకుండా చూసుకుంది. తెలుగు మాధ్యమంలో చదివే మాకు ఈ వెనక నిలబడడం బాగా అలవాటే. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ గడగడా మాట్లాడే అమ్మాయి లేకపోతే మా బల్ల దగ్గర ఎవరూ ఆగేవాళ్ళు కాదు. అందుకే వోజ్నియాక్ నాన్నది పూర్తిగా తప్పనీ అనలేను, పూర్తిగా రైటనీ అనలేను. ఐజాక్సన్ మాత్రం ఈ ప్రశ్న దగ్గర నిలబడడు. జాబ్స్ ఎంత తేలిగ్గా ఏడ్చేవాడో చూపించి ముందుకు పోతాడు. పుస్తకమంతా ఇంతే. పక్కనున్నవాళ్ళు వచ్చేది జాబ్స్‌కు అద్దం పట్టడానికే.

స్టీవ్ జాబ్స్ అని పేరు పెట్టిన పుస్తకంలో స్టీవ్ జాబ్స్ కాకపోతే ఎవరుంటారు అని మా అక్క వాదించింది. సరే, ఆ మాట నిజమే. కానీ ఈ రచయితే 2014లో 'ది ఇన్నొవేటర్స్' అని ఇంకో పుస్తకం రాశాడు. కంప్యూటర్లూ ఇంటర్నెట్టూ ఒక్కడి వల్ల కాదు, గుంపులుగా కలిసి పనిచేసినవాళ్ళ వల్ల వచ్చాయన్నదే దాని విషయం. అంటే ఆయనకూ ఈ లోటు తెలిసే ఉంటుందని నా ఊహ.

వాటాల కథ కూడా చెప్పాలి. 1980 డిసెంబరులో ఆపిల్ షేర్లు మార్కెట్టుకు వచ్చాయి. జాబ్స్ ఒక్కసారిగా కోట్లకు అధిపతి అయ్యాడు. డేనియల్ కాట్కే అనే ఆయన జాబ్స్‌కు కాలేజీ స్నేహితుడు, 1974లో జాబ్స్‌తో కలిసి మన దేశంలో తిరిగినవాడు, గ్యారేజీ రోజుల్లో బోర్డులు పరీక్షించినవాడు. గంటల లెక్కన జీతం తీసుకునేవాడు కాబట్టి ఆయనకు షేర్లు రాలేదు. ఇంకో ఇంజనీరు జాలిపడి, నువ్వెంత ఇస్తే నేనూ అంత ఇస్తాను అని జాబ్స్‌తో అన్నాడు. అయితే సున్నా ఇస్తాను అన్నాడు జాబ్స్. వోజ్నియాక్ మాత్రం తన సొంత షేర్లలో కొన్నింటిని తక్కువ ధరకు ఉద్యోగులకు అమ్మాడు, కాట్కేకూ ఇచ్చాడు. ఈ రెండు ముక్కలూ పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడ రచయిత ఏ వ్యాఖ్యానమూ పెద్దగా చేయలేదు. అది మంచి పని. మనకే అర్థమైపోతుంది.

పుస్తకం అయ్యాక మా చిన్నాన్న ల్యాప్‌టాప్‌లో 2015లో వచ్చిన 'స్టీవ్ జాబ్స్' సినిమా కూడా చూశాను. డానీ బాయిల్ దర్శకుడు, ఈ పుస్తకం ఆధారంగానే తీసింది. అందులో వోజ్నియాక్ స్టేజీ దగ్గరికి వచ్చి, ఆపిల్ 2 కంప్యూటరు చేసినవాళ్ళ పేర్లు ఒక్కసారి చెప్పు అని బతిమాలుతాడు, తర్వాత అందరి ముందూ గొడవ పడతాడు. జాబ్స్ చెప్పడు. చూస్తుంటే నాకు గొంతు పట్టుకుంది. కానీ అసలు వోజ్నియాక్ తాను అట్లా మాట్లాడే మనిషిని కాదనీ, పేరు కోసం జాబ్స్‌ను ఎన్నడూ నిలదీయలేదనీ చెప్పాడు. పుస్తకంలో మాటలు తక్కువైన మనిషికి సినిమా మాటలు ఇచ్చింది, అవి ఆయనవి కావు. అరిచి అడిగే వోజ్నియాక్ కంటే తన షేర్లు పంచిన వోజ్నియాక్ నాకు ఎక్కువ నచ్చాడు. సినిమావాళ్ళకు అది తీయడం కష్టమేమో, అందులో కొట్లాట లేదు గదా.

పెద్ద పుస్తకమని భయపడేవాళ్ళు మొదటి వంద పేజీలు చదివినా చాలు. గ్యారేజీ భాగం, వేన్ భాగం వదలకండి. తర్వాత వచ్చే ఫోన్లూ పాటల పెట్టెలూ మనకు తెలిసినవే. వోజ్నియాక్ స్వయంగా తన కథ చెప్పుకున్న 'ఐవోజ్' అనే పుస్తకం 2006లోనే వచ్చింది. అది మా బడి గ్రంథాలయంలో లేదు. ఇంగ్లీషు సార్‌ను అడిగితే వచ్చే ఏడు జాబితాలో చేరుస్తానన్నారు. మా నాయన మాత్రం వేన్ గురించి ఎవరైనా పుస్తకం రాసినారా అని అడుగుతున్నాడు.