లపుటాలో ఒక పిట్టగూడు

మియజాకి తీసిన ‘కాసిల్ ఇన్ ద స్కై’ (1986) ఇన్నాళ్లకి చూశాను. గాల్లో తేలే కోట, ఆకాశదొంగలు, రైలు పట్టాల మీద ఛేజ్! ఊపిరి సలపనివ్వడు. పాజు ఉండే గని ఊరికి మూలం వేల్స్. సమ్మె చేసి ఓడిన అక్కడి కార్మికుల పట్ల మియజాకికి గౌరవం. అందుకేనేమో, పిల్లలకి కష్టమొస్తే ఊరు ఊరంతా వీధిలోకొస్తుంది.

కానీ నన్ను పట్టేసింది లపుటా మీది రోబో. అంతకుముందే అలాంటిదొకటి సైన్యం కోటని తగలబెట్టింది. ఇదేమో ఒళ్లంతా నాచుతో గ్లైడర్ వైపు నడిచొస్తుంటే, విరిచేస్తుందనే అనుకుంటాం. మెల్లగా ఎత్తి పక్కన పెడుతుంది. కింద పిట్టగూడు, గుడ్లు. మాటా పలుకూ లేదు. సాహసగాథల్లో నిధి బయటపడే చోట గుడ్లు పెట్టాడీయన! క్లైమాక్స్ పేలుళ్లు బాగానే ఉన్నాయి గానీ, రెండోసారి చూసింది ఈ గూటి కోసమే.