మంత్రులు పోయాక మొదలయ్యే ఆట

రెడ్డిగూడెం మామిడితోటల్లో పూత చూసే బేరాలు కుదురుతాయి. చెట్టు నిండుగా పూసిందంటే, పిందె నిలుస్తుందో లేదో తేలకముందే తోట గుత్తకు పోతుంది. చదరంగం ఆడేవాళ్ళను మనం అంచనా కట్టే తీరూ ఇంతే. ఎన్నో ఏట గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, ఎవరి రికార్డు బద్దలుకొట్టారు అన్నంతవరకే మన ఆసక్తి. కోనేరు హంపి విషయంలోనూ అదే జరిగింది. 1987 మార్చి 31న గుడివాడలో పుట్టిన ఆమె, 2002లో 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, మహిళల్లో జూడిత్ పోల్గార్ రికార్డును మూడు నెలల తేడాతో దాటేసింది. ఆ రికార్డును 2008లో చైనా అమ్మాయి హౌ యీఫాన్ తిరగరాసింది. కానీ హంపి మహిళల ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది 2019లో, 32 ఏళ్ళకు, తల్లయ్యాక. రెండోసారి గెలిచింది 2024లో, 37 ఏళ్ళకు. చిన్ననాటి మెరుపు ఒక్కటే ఇంతకాలం నిలబెట్టదు. ఆమెను నిలబెట్టింది పావులు తగ్గిపోయాక బోర్డు మీద ఏం చేయాలో తెలిసిన నేర్పు. మన దగ్గర పిల్లలకు అన్నిటికంటే తక్కువగా నేర్పుతున్నదీ అదే.

ఆ నేర్పు ఎలాంటిదో చెప్పాలి. హంపి తెల్లపావులతో ఎక్కువగా మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు జరిపి ఆట మొదలుపెడుతుంది. రాజు మీదికి దూకే ఆరంభం కాదిది. మధ్యలో చోటు సంపాదించి, ఎదుటివారి బంట్ల వరుసలో ఒక బలహీనమైన గడిని పట్టుకుని, దాన్ని ముప్పై నలభై ఎత్తులదాకా వదలకుండా నొక్కిపట్టే పద్ధతి. మంత్రులు మారిపోతే చూసేవాళ్ళకు ఆట చప్పబడినట్టు ఉంటుంది. నిజానికి లెక్క అక్కడే మొదలవుతుంది. అంతదాకా మూలన దాక్కున్న రాజు యోధుడై బోర్డు మధ్యకు రావాలి. రెండు రాజులు ఒక్క గడి ఎడంలో ఎదురెదురుగా నిలబడ్డప్పుడు, ఎత్తు వేయాల్సిన వంతు ఎవరిదైతే వారే పక్కకు తప్పుకోవాలి. తప్పుకున్న వైపు నుంచి ఎదుటి రాజు లోపలికి చొరబడతాడు. కనిపెట్టడానికి ఏమీ లేని పాఠమిది. అలసిపోయిన ఐదో గంటలో కూడా గుర్తుంచుకోవడమే కష్టం.

ఈ పాఠం ఎంత విలువైనదో 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో లోకమంతా చూసింది. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్, డింగ్ లిరెన్‌తో ప్రపంచ కిరీటం మ్యాచ్‌లో పద్నాలుగో గేమ్‌కు వచ్చేసరికి స్కోరు 6.5-6.5. నల్లపావులతో ఆడుతున్న గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ ఉన్నా అది తేలిగ్గా డ్రా అయ్యే స్థితి. చాలామంది అక్కడ చేతులు కలిపేసేవారు. అతను కదల్లేదు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. గుకేశ్ ఏనుగులను మార్చేసి, వెంటనే బిషప్‌లను కూడా మార్పించాడు. ఆఖరున రాజును డింగ్ రాజుకు ఎదురుగా, ఒక్క గడి ఎడంలో నిలబెట్టాడు. డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. 18 ఏళ్ళ కుర్రాడు చరిత్రలోకెల్లా పిన్న వయసు ప్రపంచ చాంపియన్ అయ్యాడని పత్రికలు రాశాయి. రాయాల్సిందే. కానీ ఆ కిరీటం తెచ్చిన చివరి ఎత్తు, మొదటి తరగతిలో చెప్పాల్సిన రాజు-బంటు పాఠం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ర్యాపిడ్ కిరీటం అసలైన ప్రపంచ కిరీటం కాదు కదా, 2011లో టిరానాలో హౌ యీఫాన్‌తో క్లాసికల్ మ్యాచ్‌లో హంపి ఒక్క గేమూ గెలవకుండా ఓడిపోయింది కదా అంటారు. ఓడిన మాట నిజం, అది చిన్న లోటూ కాదు. అయితే ర్యాపిడ్‌ను తక్కువ చేసేవారు ఒక సంగతి మరుస్తున్నారు. ఆటగాడికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు చొప్పున ఉండే ఆటలో బోర్డు ముందు కూర్చుని కొత్తగా కనిపెట్టే వ్యవధి ఉండదు. ఇరవై ఏళ్ళుగా చేతికి అలవాటైనదే అక్కడ పనికొస్తుంది. 2019లో మాస్కోలో లెయ్ టింగ్‌జీతో టైబ్రేక్‌లో మొదటి గేమ్ ఓడి, రెండోది గెలిచి, డ్రా అయితే నల్లపావులకే గెలుపు దక్కే ఆఖరి గేమ్‌ను నల్లపావులతో డ్రా చేసి హంపి కిరీటం దక్కించుకుంది. 2024లో న్యూయార్క్‌లో తొలి రౌండే ఓడిపోయింది. అయినా 11 రౌండ్లలో 8.5 పాయింట్లు సాధించింది. చివరి రౌండులో నల్లపావులతో ఇండోనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ను ఓడించి ఒంటరిగా అగ్రస్థానంలో నిలిచింది.

నా వాదానికి ఎదురు సాక్ష్యమూ ఉంది. 2025 జూలైలో బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్లో రెండు క్లాసికల్ గేమ్‌లూ డ్రా అయ్యాక, ర్యాపిడ్ టైబ్రేక్‌లో 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో హంపి ఓడింది. గడియారం తరుముతుంటే తప్పులు చేసింది. అనుభవం వయసును పూర్తిగా జయిస్తుందని ఎవరైనా అంటే ఆ ఒక్క గేమ్ చాలు కాదనడానికి. నేననేది అంత పెద్ద మాట కాదు. గ్రాండ్‌మాస్టర్ అయిన ఇరవై మూడేళ్ళకు కూడా ప్రపంచకప్ ఫైనల్ దాకా రాగలగడం ఆరంభపు ఎత్తులు బట్టీపట్టినవాళ్ళకు సాధ్యంకాదు. ఇప్పుడు కంప్యూటర్ పుణ్యమా అని ఆరంభాలు అందరికీ ఒకేలా అందుతున్నాయి. తేడా తేలేది ఆ బట్టీ అయిపోయిన తర్వాతే.

ఇంకో అభ్యంతరం బరువైనది. హంపి తండ్రి అశోక్ స్వయంగా మంచి ఆటగాడు, కూతురికి ఆట నేర్పడం కోసం అధ్యాపక ఉద్యోగమే వదులుకున్న మనిషి. అలాంటి తండ్రి ఎందరికి దొరుకుతాడు? టోర్నమెంట్లకు తిరిగే ఖర్చో? ఇది కాదనలేని మాట, ఊళ్ళలో చాలామంది పిల్లలు ఆగిపోయేది అక్కడే. కానీ అంత్యదశ పాఠాలు మాత్రం ఖర్చులేనివి. ఒక బోర్డు, రెండు రాజులు, ఒక బంటు ఉంటే నెల రోజుల పాఠం నడుస్తుంది. ముందు ముగింపులే నేర్చుకోవాలని ఒకప్పటి ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకా చెప్పి నూరేళ్ళయింది. మన వేసవి శిబిరాలు మాత్రం నాలుగెత్తుల్లో ఆట కట్టించే చిట్కాతోనే ఇంకా మొదలవుతున్నాయి. పిల్లవాడు ఇంటికొచ్చి తమ్ముడి మీద గెలుస్తాడు, తల్లిదండ్రులు సంతోషిస్తారు. రెండేళ్ళకు ఆట వదిలేస్తాడు.

రెడ్డిగూడెం, మైలవరం, నూజివీడు బడుల్లో వ్యాయామం చెప్పే మాస్టార్లకు ఒక్క విన్నపం. వచ్చే వేసవి శిబిరంలో మొదటి వారం మంత్రుల్ని పెట్టెలోనే ఉంచండి. రాజును, బంటునే ఇచ్చి ఆడించండి. గెలిచినవాణ్ణి ఎలా గెలిచాడో నోటితో చెప్పమనండి.