బతికి చెడ్డవాడి మనేద: ‘పెన్నేటి పాట’లో మనోవేదన, సమూహ సంరక్షణ

శింగనమల మండలంలోని తరిమెల గ్రామం తెలుగువారికి ఇద్దరి పేర్లతో పరిచయం. రాజకీయ చరిత్రలో తరిమెల నాగిరెడ్డి ఒకరు, సాహిత్య చరిత్రలో విద్వాన్ విశ్వం రెండవవారు. మీసరగండం విశ్వరూపాచారిగా 1915లో ఆ ఊళ్ళో జన్మించి, పత్రికా సంపాదకుడిగా, అనువాదకుడిగా పేరుపొంది, 1987లో మరణించిన విశ్వం రచనలు అనేకం. వాటిలో ‘పెన్నేటి పాట’ స్థానం ప్రత్యేకం. 1950ల మధ్యకాలంలో వెలువడిన ఈ కావ్యాన్ని రాయలసీమ కరువు కావ్యంగా చదవడం సాహిత్య విమర్శలో స్థిరపడిపోయింది. క్షామం, ప్రాంతీయత, సీమ పలుకుబడి, ఛందోవైవిధ్యం అన్న కోణాల నుంచి దీని మీద చర్చ జరిగింది. ఆ పఠనంలో దోషం లేదు. అయితే కరువు నేల మీద ఏం చేస్తుందో చెప్పిన విమర్శ, అదే కరువు మనిషి లోపల ఏం చేస్తుందన్న ప్రశ్నను ‘కరుణ రసం’ అనే మాటతో ముగించి ముందుకు సాగింది. కావ్యానికి అసలు బలం ఆ వదిలేసిన చోటే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కావ్యనాయకుడు రంగన్న పుట్టు పేదవాడు కాడు. కలిగిన రైతు ఇంట పుట్టి, రెక్కల కష్టం మీద బతికే స్థితికి దిగజారినవాడు. ఈ భేదం ముఖ్యం. తెలుగులో ‘పేదవాడు’, ‘బతికి చెడ్డవాడు’ అన్నవి వేర్వేరు మాటలు. పేదరికం ఒక స్థితి. బతికి చెడడం ఒక జ్ఞాపకం. పేదవాడికి లేనిది తిండి. బతికి చెడ్డవాడికి తిండితోపాటు నలుగురి ముందు నిలబడే మొహం కూడా ఉండదు. ఆకలికి గంజి దొరికినా అభిమానానికి దొరకదు. విశ్వం కావ్యంలో గతవైభవం, వర్తమాన దైన్యం పక్కపక్కన నిలవడాన్ని సాధారణంగా చారిత్రక విషాదంగా వ్యాఖ్యానిస్తారు. పెన్న ఒకప్పుడు నిండుగా పారింది, ఇప్పుడు ఇసుకగా మిగిలింది అన్నది దాని సారాంశంగా చెబుతారు. కాని ఆ పోలిక రంగన్న మనసు పనిచేసే తీరు కూడా. దిగులుపడిన మనసుకు వర్తమానం ఎప్పుడూ ఒంటరిగా కనిపించదు, పోయినదాని పక్కనే కనిపిస్తుంది. నది మారిపోయిందేమని కవి అడిగే ప్రశ్నకూ, తాను మారిపోయానేమని రంగన్న లోపల తిరిగే ప్రశ్నకూ తేడా లేదు. నదీవర్ణన ఇక్కడ పాత్ర మనఃస్థితికి నేపథ్యంగా ఆగిపోదు, అదే మనఃస్థితి అవుతుంది.

పెన్న ఎండిన చోట కవి తన నాయికకు గంగమ్మ అని పేరు పెట్టడం కాకతాళీయం అనుకోవడం కష్టం. నీటికి, గ్రామదేవతకు, సీమ ఇల్లాలికి ఒకే పేరు. నదిలో లేని తడి ఆమెలో మిగిలింది. రంగన్న నిలబడి ఉన్నాడంటే ఆమె నిలబెట్టబట్టే. నేటి పరిభాషలో ‘సంరక్షకురాలు’ అని పిలిచే మనిషి ఆమె. ఆమెను ఎవరు సంరక్షించాలన్న ప్రశ్న దగ్గరకు ఈ వ్యాసం మళ్ళీ వస్తుంది.

ఈ మనోవేదనకు సీమ వ్యవహారంలో ఉన్న పేరు ‘మనేద’. మనోవేదన అనే సమాసం జనం నోట అరిగి ఈ రూపం తేలిందనిపిస్తుంది. తెలంగాణలో ‘మనాది’ అంటారు. ‘బెంగ’కు ఒక కారణం ఉంటుంది, కారణం తీరితే పోతుంది. మనేద అలా కాదు, కుదురుకొని కూర్చుంటుంది, మనిషిని లోపల తింటుంది. సంస్కృత సంప్రదాయంలో ‘ఆధివ్యాధులు’ అనే జంట పదం ఉంది. ఆధి అంటే మానసిక వ్యథ అని అమరకోశం చెబుతుంది. శరీర రోగం పక్కనే మనోవ్యథను నిలబెట్టి, రెండింటినీ కలిపి పలికిన భాష మనది. ఆ జంటలో వ్యాధి ఆసుపత్రికి చేరింది. ఆధి ఆశీర్వచనాల్లో, పురాణ ప్రవచనాల్లో మిగిలిపోయింది. కష్టం చెప్పుకోవడానికి వాడుక తెలుగు శరీరాన్నే ఆశ్రయిస్తుంది. కడుపుకోత, కడుపుమంట, గుండెకోత వంటి మాటలన్నీ శరీరంలో చోటు చూపించి మనసు సంగతి చెప్పేవే. (‘గుండె చెరువు కావడం’ అనే నుడికారం శింగనమల వంటి చోట విచిత్రంగా వినిపిస్తుంది. శ్రీరంగరాయల పేరు మోస్తున్న పెద్ద చెరువు పక్కన బతికే ఆ ఊరికి నిండిన చెరువు సంతోషం, ఎండినది దుఃఖం.)

ఈ భాషావిశేషాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో అనంతపురం జిల్లా చరిత్రే చూపించింది. 1990ల చివర జిల్లాలో రైతుల ఆత్మహత్యలు పెరిగాయి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల అది. కొర్ర, సజ్జ, ఆరిక వంటి పంటలు వెనక్కి పోయి వేరుశనగ ఒక్కటే దిక్కయింది. విత్తనం, ఎరువు, మందులు అప్పు మీద వచ్చేవి. ఎండిన బోరు పక్కన మరో బోరు అప్పు మీదే పడేది. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2001లో ఈ జిల్లా నుంచి రాసిన కథనాలు ఒక వింతను బయటపెట్టాయి. బలవన్మరణాల్లో పెద్ద సంఖ్యకు పోలీసు రికార్డుల్లో కారణంగా నమోదైంది ‘కడుపునొప్పి’. తాళలేని కడుపునొప్పితో పురుగుమందు తాగారని రాశారు. ఇది వ్యవసాయ సంక్షోభాన్ని కప్పిపుచ్చే రాత అన్న విమర్శ న్యాయమైనదే. పురుగుమందు తాగినవారికి కడుపునొప్పి రావడం కారణం కాదు, ఫలితం. అయితే ఆ రికార్డును సాహిత్య విద్యార్థి చదివితే మరో సంగతి తోస్తుంది. మనేదను కడుపు మీద పెట్టి చెప్పుకొనే భాషలో ఆ మాట పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. చనిపోయే ముందు ఎన్ని నెలలు ఆ మనిషి ‘కడుపులో ఏదో అవుతోంది’ అని ఉంటాడో, విన్నవారు ఎన్ని మాత్రలు ఇచ్చి పంపారో ఎవరికి తెలుసు? ఆ రికార్డులో ఉన్నది రెండు దోషాలు. రాసినవారు ఆర్థిక కారణాన్ని చూడలేదు, వాచ్యార్థాన్నే తీసుకున్నారు. లక్షణ, వ్యంజనలను అలంకారశాస్త్రంలో శ్రద్ధగా బోధించే తెలుగు శాఖలు ఈ రెండో దోషం తమ పరిధిలోనిదని గుర్తించాలి.

తరువాత వచ్చిన పాలనా పత్రాలు ఒక దోషాన్ని సవరించాయి. 2004 జూన్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన 421వ జీవో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల పరిహారం, అప్పుల పరిష్కారానికి మరో 50,000 ప్రకటించింది. అందుకు రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో కూడిన త్రిసభ్య సంఘం విచారించి, అది వ్యవసాయ కారణాల వల్ల జరిగిన నిజమైన రైతు ఆత్మహత్యే అని నిర్ధారించాలి. పేద కుటుంబానికి ఆ డబ్బు ఆధారమే, సందేహం లేదు. కాని ‘నిజమైన’ అన్న విశేషణం ఒక గీత గీసింది. అప్పు వల్ల చనిపోతే గీతకు ఇటు. తాగుడు, ఇంటి గొడవ, మనోవ్యాధి అని రాస్తే అటు. అందువల్ల చనిపోయినవాడి మనసు సంగతి దాచడం కుటుంబానికి అవసరమైంది. ఆధి ఉందని ఒప్పుకుంటే అప్పు అబద్ధమవుతుందన్న భయం ఏర్పడింది.

ఈ విభజనను ‘పెన్నేటి పాట’ ముందు పెట్టి చూస్తే దాని కృత్రిమత తెలుస్తుంది. రంగన్న బాధ ఆర్థికమా, మానసికమా అని అడిగితే కావ్యంలో జవాబు లేదు. ప్రశ్నే అక్కడ పొసగదు. వాన రాకపోవడం, భూమి పోవడం, మాట పడడం, భార్య ముఖం చూడలేకపోవడం అన్నవి ఒకే తాడు పేటలు. ‘సమగ్రత’ అన్న మాట నేటి ఆరోగ్య ప్రణాళికల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ పదం వాడకుండానే కావ్యం దాన్ని ఆచరించింది. 1980ల తరువాత అనంతపురం నుంచి వచ్చిన కథా సాహిత్యానికి కూడా ఈ దృష్టి సంక్రమించింది. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి, చిలుకూరి దేవపుత్ర వంటి కథకులను కేవలం సామాజిక వాస్తవికత పేర చదివినంతకాలం ఆ అంశం మరుగున ఉంటుంది.

సామూహిక మానసిక సంరక్షణ అన్న ఆలోచన ఈ నేలకు దూరం నుంచి వచ్చింది కాదు. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. అదే బళ్ళారిలో 1980ల మధ్య నుంచి బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ ఒక ప్రయోగం చేసింది. మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి గోడల నుంచి తప్పించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి, ఊళ్ళో తిరిగే ఆరోగ్య కార్యకర్తకు శిక్షణ ఇచ్చి, రోగిని ఊళ్ళోనే గుర్తించి అక్కడే మందులు అందించడం దాని పద్ధతి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి దేశవ్యాప్తంగా నమూనా అయింది ఈ ప్రయోగమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు వేసింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, అతన్ని శిక్షించరాదని, అతనికి సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షన్ చెబుతుంది. ఉద్దేశం ఉదాత్తం. అయినా గుర్తించే పని అంతా వినడం మీద ఆధారపడింది. కార్యకర్త చేతిలోని ప్రశ్నావళిలో ‘విచారంగా ఉంటోందా’ అని ఉంటే, శింగనమల రైతు ‘లేదు’ అనవచ్చు. ‘యోచన ఎక్కువగా ఉందా’ అంటే తలూపవచ్చు. సీమలో యోచన అంటే ఆలోచన మాత్రమే కాదు, నిద్రపట్టనివ్వని చింత కూడా. ఆ పదాల పట్టిక తయారు చేయగలిగినవారు వైద్యులు కారు. మాండలిక నిఘంటువుల మీద, కథాసాహిత్యం మీద పనిచేసే పరిశోధకులు.

ఊరికి తనదైన సంరక్షణ రూపాలు లేవా? ఉన్నాయి. వాన కోసం విరాటపర్వం చదివించడం సీమ పల్లెల్లో బాగా తెలిసిన ఆచారం. పర్వానికీ వానకూ ఉన్న సంబంధాన్ని పాండవులున్న చోట వర్షం, పంట ఉంటాయన్న విశ్వాసంతో ముడిపెడతారు. కాని కథను వినేవాడి వైపు నుంచి చూస్తే మరో అర్థం కనిపిస్తుంది. విరాటపర్వం బతికి చెడ్డవారి కథ. రాజు పరుల కొలువులో పాచికలాడే సేవకుడు, భీముడు వంటవాడు, రాణి సైరంధ్రి. పేరు, హోదా, ఆయుధం అన్నీ దాచుకొని ఏడాదిపాటు తలవంచి బతకాలి. గడువు మాత్రం ఉంది. అదే ఆ కథ ఇచ్చే ఊరట. పొలం పోయి పరుల చేలో కూలికి వెళ్ళిన రైతు రాత్రివేళ పదిమందిలో కూర్చొని ఈ కథ వింటే, తన అవమానానికి ఒక పేరు, ఒక తోడు దొరికినట్టే. ఒంటరి సిగ్గును అందరూ వినే కథగా మార్చడం సమూహం చేయగల వైద్యం. రంగన్నకు కావ్యంలో ఆ తోడు ఊరి నుంచి దొరకలేదు. పాట పాడే కథకుడి నుంచి దొరికింది.

దీన్ని ఆదర్శంగా చూపించి ఊరుకోవడం అన్యాయం. పురాణ పఠనం జరిగే ఆ అరుగు అందరిదీ కాదు. శింగనమల శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినది. ఆ ప్రాంతపు కరువు కథలో భూమి కోల్పోయినవారి కంటే ముందు భూమే లేనివారున్నారు. ‘బతికి చెడ్డవాడు’ అన్న భావన రైతుకులాల అనుభవం నుంచి పుట్టింది. ఏనాడూ ‘బతకని’వారి మనేదకు అందులో చోటు లేదు. దళిత సాహిత్యం అడిగిన ప్రశ్న ఇదే, అది ‘పెన్నేటి పాట’కూ వర్తిస్తుంది. పతనమైన రైతు మీద కవికున్న ఆర్ద్రత గొప్పది. ఆ ఆర్ద్రతలో కొంత భాగం పోయిన హోదా కోసం అని ఒప్పుకోవలసి ఉంటుంది. కావ్యంలో కథకుడి గొంతే ప్రధానం కావడం మరో పరిమితి. రంగన్న కోసం అతడు దుఃఖిస్తాడు, గంగమ్మ కోసం దుఃఖిస్తాడు. వారిని దుఃఖించనివ్వడం తక్కువ. జాలిపడడానికీ వినడానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని కావ్యం పూర్తిగా దాటలేదు.

ఆ దూరం ఎక్కువగా కనిపించేది గంగమ్మ విషయంలోనే. పట్టా భర్త పేరు మీద ఉన్న ఇంట్లో రైతుగా లెక్కకు వచ్చేది అతడే. చేను దున్నకపోయినా విత్తింది, కలుపు తీసింది, కాయలు వొలిచింది ఆమె. ఆమె ప్రాణం తీసుకుంటే అది రైతు ఆత్మహత్యగా కాగితం మీదికి రావడం కష్టం. భర్త పోతే త్రిసభ్య సంఘం ముందు అప్పుపత్రాలు, పంచనామా, శవపరీక్ష నివేదిక పట్టుకొని నిలబడేది ఆమే. అక్కడ ఆమెను అడిగేవి అప్పు ఎంత, ఎవరి దగ్గర, ఎప్పుడు అన్న ప్రశ్నలు. నీకు నిద్ర పడుతోందా అని అడగడానికి ఆ ఫారంలో గడి లేదు. పెన్నేటి ఇసుక మీద రంగన్న కోసం ఒక కావ్యం పుట్టింది. గంగమ్మ తన గొంతుతో చెప్పిన కరువు కావ్యాన్ని సీమ స్త్రీల విసుర్రాతి పాటల్లో, ఏడుపు పాటల్లో వెతకాలి. వాటి సేకరణలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ‘జానపద గేయాలు’ అన్న అరలో ఉన్నాయి.