వేడి పోయే దారి

రోహిణి కార్తె దగ్గర పడుతోందంటే మా బెజవాడలో నా బల్ల మీద ల్యాప్‌టాప్‌లు చేరడం మొదలవుతుంది. నేను మెకానిక్‌ని కాను. వాటిని విప్పి శుభ్రం చేయడం చాలా ఏళ్లుగా అలవాటు, ఆ సంగతి చుట్టాలకీ పక్కవాళ్లకీ తెలుసు. అందరూ చెప్పేది ఒకటే: తెగ కాలిపోతోంది, స్లో అయిపోయింది. అందరూ అడిగేదీ ఒకటే: కొత్తది కొనాలా? నా చేతికి వచ్చినవాటిలో చాలామటుకు పాడైనవి కావు. లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి ఎక్కడో మూసుకుపోయింది, అంతే. ఆ దారి తెరిస్తే ఇంకో రెండు మూడేళ్లు హాయిగా పనిచేసే యంత్రాన్ని పాత సామాన్లలో పడేయడానికి నాకు మనసొప్పదు.

వేడి పుట్టడం ల్యాప్‌టాప్ జబ్బు కాదు. ప్రాసెసర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. బరువైన పని మీద ఉన్నప్పుడు ఆ చిప్ 40, 45 వాట్ల దాకా లాగుతుంది. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె ముందు ఇదెంత అనిపిస్తుంది. కానీ ఇస్త్రీపెట్టె అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటే, చిప్ బొటనవేలి గోరంత. చదరపు సెంటీమీటరుకు లెక్కేస్తే ఇస్త్రీపెట్టెలో 5 వాట్లు, చిప్‌లో 30 దాకా. అంత వేడిని ఎప్పటికప్పుడు బయటికి తోసేయాలి.

తోసే ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. చిప్ మీద పలచగా థర్మల్ పేస్టు, దాని మీద రాగి పలక, పలకకు అతికించిన చదునైన రాగి గొట్టం, గొట్టం చివర సన్నని రేకుల గుత్తి, ఆ రేకుల మధ్యనుంచి గాలి ఊదే ఫ్యాను. ఆ గొట్టాన్ని ఉత్త రాగి కడ్డీ అనుకుంటారు చాలామంది. అది బోలు. లోపలి గాలి తీసేసి, కాసిని నీళ్లు ఉంచి సీలు వేస్తారు. గాలి లేని చోట నీళ్లు 100 డిగ్రీల దాకా ఆగవు, చాలా తక్కువ వేడికే ఆవిరైపోతాయి. చిప్ వైపు పుట్టిన ఆవిరి రేకుల వైపు పరుగెత్తి, అక్కడ వేడి వదిలి మళ్లీ నీరై, గొట్టం లోపలి గోడకున్న రాగి పొడి పూత గుండా వెనక్కి పాకుతుంది. పంపు లేదు, మోటారు లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ ఇలాంటి గొట్టాన్ని చేసి చూపించాడు. మొదట దాని అవసరం అంతరిక్షంలో పడింది. ఇవాళ మన పిల్లల పుస్తకాల సంచుల్లోకి వచ్చింది. సొట్ట పడితే, వంగితే మాత్రం పనికిరాదు. విప్పేటప్పుడు దాన్ని పట్టుకుని లాగకూడదనేది అందుకే.

ఇంతా చేసి ఈ ఏర్పాటు చేయగలిగింది, చిప్ వేడిని గదిలోని గాలికి అప్పగించడం. గది గాలే కాగిపోతుంటే? డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 80 దగ్గర నిలిచే చిప్, మే నెలలో 40 డిగ్రీల గదిలో అదే పనికి 95కి చేరుతుంది. గదికి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్‌కీ దాదాపు అన్నీ పెరుగుతాయి. చాలా ఇంటెల్ చిప్‌లకు హద్దు 100 డిగ్రీలు. హద్దు తాకగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి దిగకపోతే మొత్తం యంత్రమే టప్పున ఆగిపోతుంది. చలికాలమంతా లోపల పేరుకున్న దుమ్ము ఎండలు ముదిరాకే మనకు తెలిసేది ఇందువల్లే.

వేగం తగ్గించుకోవడాన్నే మనం స్లో అయిందంటాం. అక్కడే డబ్బు వృథా మొదలవుతుంది. ఒకరు ఫార్మాట్ కొట్టిస్తారు, ఒకరు ర్యామ్ వేయిస్తారు, ఇంకొకరు యాంటీవైరస్ కొంటారు. రేకుల్లో ఇరుక్కున్న దుమ్ము వీటిలో దేనికీ కదలదు.

మొన్న మా తమ్ముడి కూతురు తనది పట్టుకొచ్చింది. బీటెక్ మూడో సంవత్సరం, ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారం.

"పెదనాన్నా, గేమ్సేమీ ఆడట్లేదు, ఒట్టు. ఒక వర్డ్ ఫైలు, నాలుగు ట్యాబులు, అంతే. అయినా ఫ్యాను హోరు ఆగట్లేదు."

"ఉండమ్మా, విప్పే ముందు కాసేపు గమనిద్దాం."

ఈ గమనించడాన్ని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో సగం పని ఇక్కడే ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అక్కడ సీపీయూ 90 శాతం కొట్టుకుంటుంటే తప్పు ఏదో ప్రోగ్రాముది, దాన్ని ఆపితే చాలు. సీపీయూ 5 శాతం దగ్గర ఊరికే కూర్చున్నా వేడి 75 డిగ్రీలు చూపిస్తుంటే తప్పు దారిది. వేడి కొలవడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వాడతాను. ఆ తర్వాత దానికి ఒక బరువైన పని అప్పగించి, అంకె ఎలా ఎక్కుతోందో చూస్తాను. పని మొదలుపెట్టిన క్షణంలోనే 50 నుంచి 98కి ఎగబాకితే చిప్‌కీ రాగి పలకకీ మధ్య పట్టు పోయినట్టు, అంటే పేస్టు ఎండిపోయింది. పది నిమిషాల్లో మెల్లగా ఎక్కుతూ పోతే పట్టు బాగానే ఉంది, గాలే ఆడటం లేదు. పిల్లదానిది ఈ రెండో రకం.

పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జరు తీసేసి, బోర్లా తిప్పాం. అడుగు మూతకు మరలు తొమ్మిది, అన్నీ ఒకే పొడుగు కాదు. పొట్టి మర ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన మదర్‌బోర్డుకో కీబోర్డుకో గుచ్చుకుంటుంది. కాగితం మీద మూత బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించమన్నాను. మూత అంచున పాత ఏటీఎం కార్డు దూర్చి జరుపుకుంటూ వస్తే లాకులు ఒక్కొక్కటే ఊడతాయి. లోపల చేయి పెట్టేముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి, ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదు. ఏదైనా ఇనుప వస్తువును ముట్టుకుని ఒంటి మీది స్టాటిక్ కరెంటు వదిలించుకోవాలి.

"ఇదేంటి పెదనాన్నా, శుభ్రంగానే ఉందిగా?" అంది. బయటికి కనిపించే రేకులు నిజంగానే మెరుస్తున్నాయి. ఫ్యాను మరలు తీసి పైకి ఎత్తాం. ఫ్యానుకీ రేకులకీ మధ్య, బయటి నుంచి ఏ కంటికీ ఆనని చోట, బూడిద రంగు పొర అడ్డంగా పరుచుకుని ఉంది. పట్టుకారుతో ఒక కొస పట్టి లాగితే ముక్కలు కాకుండా ఒకే పట్టీగా వచ్చేసింది. దుప్పటి నూగు, తల వెంట్రుకలు, దుమ్ము, అన్నీ ఒకదానికొకటి అల్లుకుపోయాయి. వేలితో నలిపితే జిడ్డు తగిలింది.

"వంటింటి పక్కన డైనింగ్ టేబుల్ మీద చదువుకుంటావు కదూ?"

"మీకెలా తెలుసు?"

పోపు పొగలోని నూనె ఫ్యానులోకి వెళ్తుంది. పొడి దుమ్మైతే కొంతైనా ఎగిరిపోతుంది, జిడ్డు దుమ్ము అంటుకున్న చోటే ఉండిపోతుంది. మన ఇళ్లలో అగరొత్తుల పొగ కూడా దీనికి తోడవుతుంది. బయటి నుంచి బ్లోయరుతో ఊదించి అయిపోయిందనుకోవడం నాకు నచ్చనిది ఇందుకే. ఆ పట్టీ బయటికి రాదు, వెనక్కి ఫ్యానులోకి వెళ్లి పడుతుంది. పైగా ఊదే గాలికి ఫ్యాను తన హద్దు దాటి తిరిగి బేరింగు దెబ్బతింటుంది. ఊదక తప్పకపోతే రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి. మెత్తటి బ్రష్షు, పట్టుకారు, ఓపిక ఉంటే బ్లోయరుతో పెద్దగా పని పడదు. మూత బిగించాక అదే పని మళ్లీ ఇచ్చి చూశాం. 97 దగ్గర ఊగిసలాడిన అంకె 80 దాటలేదు, ఫ్యాను హోరు తగ్గింది.

పేస్టు మార్చడం ఇంకాస్త నిదానం కోరే పని. చిప్ పైభాగం, రాగి పలక అడుగు రెండూ నున్నగానే కనిపిస్తాయి. నిజానికి రెండింటి మీదా కంటికి ఆనని గుంటలుంటాయి, వాటిలో గాలి చేరుతుంది. రాగిలో వేడి పారే తీరుతో పోలిస్తే నిశ్చలంగా ఉన్న గాలిలో అది పదివేల వంతు కూడా పారదు. ఆ గుంటలు నింపడమే పేస్టు పని. కాబట్టి ఎక్కువ పూస్తే మంచిదనే లెక్క ఇక్కడ తప్పు. చిప్, పలక రెండూ దాదాపు తాకాలి, మిగిలిన సందులో మాత్రమే పేస్టు ఉండాలి. రాగి పలక మరల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ముద్రించి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరసలో, విప్పేటప్పుడు దానికి ఎదురు వరసలో, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒక మూల ముందే బిగిస్తే పలక ఒరిగి చిప్ అంచు చిట్లే ప్రమాదం ఉంది. ఎండిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో, గోకకుండా తుడవాలి. వేడెక్కుతూ చల్లారుతూ ఉండే ల్యాప్‌టాప్ చిప్ మీద పల్చటి పేస్టు కొన్ని నెలల్లోనే అంచులకు జారిపోతుంది. చిక్కటిదే కొనండి. హనీవెల్ పీటీఎం7950 అనే పలచని రేకు ఇంకా మేలు, అది దాదాపు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి తానే సర్దుకుంటుంది. పేస్టుకు బదులు వాడే లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క బొట్టు బోర్డు మీద జారితే షార్ట్ అవుతుంది.

అందరూ విప్పాలని నేననను. వారంటీ ఉన్నదైతే సర్వీసు సెంటరుకి ఇవ్వండి, కంపెనీ ఇచ్చినదైతే ఐటీ వాళ్లకి చెప్పండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ల బజారు లాంటి చోట ఈ పని రోజూ చేసే చేతులున్నాయి. ఎదురుగా కూర్చుని చేయించుకోండి, రేకుల లోపలి వైపు చూపించమని అడగండి.

విప్పకుండా చేయగలిగినవీ ఉన్నాయి. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచే గాలి పీలుస్తాయి. పరుపు మీద, దిండు మీద పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అడుగున ఉండే రబ్బరు పట్టీలు అలంకారానికి కావు, గాలి వెళ్లే ఆ కొద్ది సందు వాటివల్లే. ఎండకు జిగురు కరిగి అవి ఊడిపోతే మళ్లీ అంటించుకోవాలి. వెనక అంచు కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తినా మార్పు అంకెల్లో కనిపిస్తుంది. డబ్బు పెట్టి కూలింగ్ ప్యాడ్ కొనేముందు ఇది చేసి చూడండి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి దించితే చిప్ అదనపు వేగం అందుకునే టర్బో ఆగిపోతుంది. మామూలు రాత పనికి తేడా తెలియదు, వేడి మాత్రం బాగా దిగుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఆ అంకె పైకి కనిపించదు, వాటిలో బ్యాటరీ సేవర్ పెట్టుకోవచ్చు. ఐసు ప్యాకులు, తడిగుడ్డలు వద్దు, లోపల నీరు పడుతుంది. ఎయిర్ కూలరు ముందు కూర్చున్నా గాలి సూటిగా ల్యాప్‌టాప్ మీదికి రానీయకండి, అది తేమతో నిండిన గాలి.

మూత మూస్తే నిద్రపోయిందనుకుని సంచిలో పెట్టేస్తారు. ఇప్పటి యంత్రాలు ఆ నిద్రలోనూ అప్‌డేట్ల కోసం లేస్తుంటాయి. హైదరాబాద్ రాయదుర్గంలో మెట్రో ఎక్కి నాగోలులో దిగేసరికి సంచి కాలుతోందని చెప్పినవాళ్లున్నారు. సంచిలో పెట్టేటప్పుడు షట్‌డౌనో హైబర్నేటో చేయాలి. ఎండలో నిలిపిన కారులో అసలే వదలొద్దు. లిథియం బ్యాటరీకి నిండు చార్జి, వేడి రెండూ ఒకేసారి తగిలితే త్వరగా ముసలిదైపోతుంది. రోజంతా ప్లగ్గులో ఉంచేవాళ్లు చార్జి హద్దు 80 శాతానికి పెట్టుకోవాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, నొక్కితే పలక్కపోయినా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బిందని తేలితే ఆ నిమిషం నుంచి వాడొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి. తొడల మీద పెట్టుకుని గంటల తరబడి ఆడితే చర్మం కాలకపోయినా కందిపోయి, వల అల్లినట్టు గోధుమ రంగు మచ్చ తేలుతుంది. 2010లో పీడియాట్రిక్స్ పత్రికలో స్విట్జర్లాండ్ వైద్యులు ఇలాంటి కేసు రాశారు. పన్నెండేళ్ల అబ్బాయి, రోజూ కొన్ని గంటల ఆట, కొన్ని నెలల పాటు. మచ్చ ఎడమ తొడ మీదే, ల్యాప్‌టాప్ ఎక్కువ వేడెక్కే వైపు అదే మరి. పిల్లవాడికి నొప్పి ఉండదు కాబట్టి చెప్పడు, మనమే చూసుకోవాలి.

తయారీదారులతో నాకొక పేచీ ఉంది. ఒకప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లకు అడుగున ఫ్యాను మీద చిన్న తలుపు ఉండేది. ఒకటి రెండు మరలు తీస్తే ఎవరైనా దుమ్ము తుడుచుకునేవారు. ఇప్పుడు సన్నగా కనిపించాలని మూతంతా ఒకే ముక్క చేశారు, కొన్ని మరలు రబ్బరు పట్టీల కింద దాచారు. ఇంత దుమ్ము, ఇంత ఎండ ఉన్న దేశంలో అమ్మే యంత్రానికి ఆ తలుపు తిరిగి రావాలి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. ఫ్యాను శుభ్రం చేసుకోగలగడం ఆ హక్కులో మొదటి మెట్టుగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అందాకా, ఈ వేసవిలో కొత్తది కొనబోయేవాళ్లు షాపులో ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పి చూడండి. గాలి రంధ్రాలు ఎంత మేర ఉన్నాయి, మరలన్నీ పైకి కనిపిస్తున్నాయా, ఆ మోడల్‌కి సర్వీసు మాన్యువల్‌ను కంపెనీ ఉచితంగా ఇస్తోందా అన్నది డబ్బు కట్టకముందే అడగండి.