కొట్టంలో గడిపిన గంటలు

ఏప్రిల్ 15 అంటే అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుల ఆఖరు తేదీ. వెటర్నరీ కాలేజీలకు దరఖాస్తు పెట్టుకున్న పిల్లలున్న ఇళ్ళలో మాత్రం ఆ రోజు పన్నుల సంగతి ఎవరికీ గుర్తుండదు. సీటు వచ్చినవాళ్ళు ఏ కాలేజీలో చేరేదీ తేల్చి చెప్పాల్సిన గడువు కూడా అదే. నాలుగు చోట్ల సీటు వచ్చిన పిల్ల మూడు వదులుకుంటుంది. ఆ మూడూ వెయిటింగ్ లిస్టుల్లో ఉన్న ముగ్గురికి వెళతాయి. వాళ్ళు అప్పటిదాకా పట్టుకుని ఉన్న సీట్లు ఇంకొందరికి వెళతాయి. చెరువు తూము ఎత్తాక నీళ్ళు ఒక్కో మడీ దాటుకుంటూ పోయినట్టు లిస్టు కదులుతుంది. చివరి మడి దాకా నీళ్ళు వస్తాయో రావో తూము దగ్గర నిలబడినవాడు కూడా చెప్పలేడు.

న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు ఈ మధ్య ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కూతురు పక్క గదిలో ఉంటుంది మరి. కొన్ని కాలేజీలు కాదన్నాయి. ఒకచోట వెయిటింగ్ లిస్టులో పేరుంది. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో నుంచి మాత్రం సీటు వచ్చింది. అక్కడికి పంపాలా, ఇక్కడి లిస్టు కదిలేదాకా ఆగాలా అన్నది వాళ్ళింట్లో రోజూ రాత్రి భోజనాల దగ్గర నడుస్తున్న చర్చ. నేను రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివి, పశుసంవర్ధక శాఖలో పనిచేసి, ఇప్పుడు హైదరాబాదులో సొంత క్లినిక్ నడుపుకుంటున్న దాన్ని. మా ఇళ్ళల్లో వేరే పశువుల డాక్టరు లేరు కాబట్టి ఆ చర్చ వాట్సాప్‌లో నా దాకా వస్తుంది.

ఈ దరఖాస్తు తంతు తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. అమెరికాలో పశువైద్యం చదవాలంటే ముందు డిగ్రీ దశలో ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజిక్సు, జెనెటిక్సు లాంటివి చదవాలి. ఆ తర్వాత నాలుగేళ్ళ డీవీఎం. దరఖాస్తులన్నీ దాదాపుగా వీఎంకాస్ అనే ఒకే కేంద్రం ద్వారా వెళతాయి. జనవరిలో తెరుస్తారు, సెప్టెంబరు 15న మూస్తారు. చలికాలంలో ఇంటర్వ్యూలు, ఆ తర్వాత ఒక్కో కాలేజీ తనకు వీలైనప్పుడు చెబుతుంది. ప్రభుత్వ కాలేజీలు చాలా సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే ఉంచుకుంటాయి, వాళ్ళకు ఫీజూ తక్కువే. మనవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళుగా ఉండే న్యూజెర్సీలో 2025 దాకా అసలు వెటర్నరీ కాలేజీయే లేదు. ఆ ఏడాదే రోవాన్ యూనివర్సిటీలో మొదటి బ్యాచ్ చేరింది. అంతకుముందు అక్కడి పిల్లలు ఎక్కడ దరఖాస్తు పెట్టుకున్నా చాలావరకు బయటివాళ్ళే.

అయితే నాకు వీటన్నిటికన్నా ఎంతో నచ్చిన కాలమ్ ఒకటుంది ఆ దరఖాస్తులో. ఎన్ని గంటలు పశువుల దగ్గర పనిచేశావు అని అడుగుతారు. అది కూడా రెండు రకాలుగా. డాక్టరు పక్కన నిలబడి చేసిన పని వేరు, డాక్టరు లేకుండా గొర్లు కాయడం, గుర్రాల శాలలో పేడ ఎత్తడం, ఇంటి పాడి చూసుకోవడం వేరు. ఒక్కోదానికి ఒక్కో లెక్క. సీటు తెచ్చుకునే పిల్లల గంటలు వందల్లో, కొందరివి వేలల్లో ఉంటాయి. ఆపైన సిఫారసు ఉత్తరాలు కావాలి. చాలా కాలేజీలు అందులో ఒకటైనా పశువైద్యుడి దగ్గర్నుంచే రావాలంటాయి.

మన దగ్గర ఏముంది? మా రోజుల్లో ఎంసెట్ ర్యాంకు, ఇప్పుడు నీట్ ర్యాంకు. రైతు కోటా ఉంది, అది ఉండాల్సిందే. కానీ అక్కడా చూసేది భూమి కాగితాలూ పల్లెలో చదివిన ఏళ్ళే తప్ప, ఈ బిడ్డ ఎప్పుడైనా ఒక దూడ పలుపుతాడు పట్టుకుని నిలబడిందా అని అడిగేవాడు లేడు. ఎంబీబీఎస్ సీటు తప్పిపోయి మా క్లాసుకు వచ్చినవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. వాళ్ళలో కొందరు ఆణిముత్యాల్లాంటి డాక్టర్లయ్యారు. కొందరు మాత్రం మొదటిసారి భుజం దాకా గ్లోవు తొడిగి ఆవు వెనక నిలబడ్డ రోజునే లోపల్లోపల చదువు మానేశారు. తర్వాత ఐదేళ్ళు పేరుకే కాలేజీలో ఉన్నారు. ఒక్క నెల ముందుగా ఏ పశువైద్యశాలలోనో నిలబెట్టి ఉంటే వాళ్ళ జీవితం వేరే దారిన పోయేది, ఆ సీటు ఇంకొకరికి దక్కేది.

మా చెల్లెలి కూతురు మొన్నటి ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు నా క్లినిక్‌లో కుక్కలూ పిల్లులూ చాలానే చూసింది. కానీ నేను దానికి ఉత్తరం రాయకూడదు. చుట్టాల మాటకు అక్కడ విలువ ఉండదు, ఉండకూడదు కూడా. అందుకే నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ పశువైద్యశాలలో పనిచేసే నా క్లాస్‌మేట్ దగ్గరికి పంపాను. ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను.

అలా వెళ్ళిన ఒక రోజు ఈనలేక అవస్థ పడుతున్న బర్రె కేసు వచ్చింది. దూడ కాళ్ళు రెండూ కనబడుతున్నాయి, తల మాత్రం లోపల వెనక్కి మడుచుకుపోయింది. అప్పటికే రైతు ఊళ్ళోవాళ్ళతో లాగించి చూశాడు. డాక్టరు కొట్టంలో బోర్లా పడుకున్నంత పని చేసి, చెయ్యి భుజం దాకా పెట్టి, ముందు కాళ్ళు లోపలికి తోసి, తల కోసం వెతుకుతున్నాడు. బర్రె నొప్పి తీసినప్పుడల్లా ఆ చెయ్యి ఎముకల మధ్య నలుగుతుంది, అది పడినవాళ్ళకే తెలుస్తుంది. అమ్మాయి పని గోరువెచ్చని సబ్బునీళ్ళు అందించడం, చెప్పినప్పుడు తాడు బిగబట్టడం, చెప్పినప్పుడు వదలడం. వదలమన్న క్షణంలో వదలడం ఎంత కష్టమో చాలామందికి తెలీదు. లాగుతున్న చెయ్యి ఊరికే ఆగదు. అమ్మాయి చెయ్యి ఆగింది. తల దొరికింది, దూడ బయటికొచ్చింది. పెయ్యదూడ, అప్పటికే చచ్చిపోయి ఉంది. రైతు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని కూచుంది.

మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే తాళ్ళు తీసుకెళ్ళి బోరింగు దగ్గర కడిగి, మందునీళ్ళలో వేసింది. తర్వాత డాక్టరు దగ్గరికొచ్చి, "అంకుల్, మాయ ఎన్ని గంటల్లో పడాలి? పడకపోతే వీళ్ళు మనకెలా చెబుతారు?" అని అడిగింది. పన్నెండు గంటలు చూడమన్నాడాయన. మర్నాడు పొద్దున్నే తనకొచ్చిన అరకొర తెలుగులోనే రైతుకు ఫోను చేసి కనుక్కుంది. మాయ పడింది, బర్రె మేత ముట్టింది.

నా స్నేహితుడు తన ఉత్తరంలో రాసింది ఈ ఫోను సంగతే. అమ్మాయి తెలివితేటల గురించి రాయలేదు, వాటికి మార్కుల కాగితాలున్నాయి. చచ్చిన దూడ దగ్గర ఏడ్చి, బతికిన బర్రెను మర్చిపోని పిల్ల అని రాశాడు. నేనైతే ఆ ఒక్క వాక్యానికే సీటిచ్చేదాన్ని. నాకు సంబంధించినంత వరకు మా అమ్మాయి పశువుల డాక్టరు అవుతుందా కాదా అన్నది ఆ కొట్టంలోనే తేలిపోయింది. ఇప్పుడు తేలాల్సింది ఏ ఊళ్ళో, ఎంత అప్పుతో అన్నది.

ఈ మాట దానికి చెప్పినప్పుడు, "పెద్దమ్మా, కాలేజీ వాళ్ళకు అది తెలియాలి కదా" అంది. నిజమే. అందుకే దానికి ఎలీన్ కస్ట్ కథ చెప్పాను. ఐర్లండ్‌లో టిప్పరరీలో 1868లో పుట్టిన గొప్పింటి ఆడపిల్ల. పశువైద్యం చదువుతానంటే ఇంట్లోవాళ్ళు తలవంపులనుకున్నారు. వాళ్ళ పేరు బయటపడకుండా ఇంటిపేరు మార్చుకుని ఎడిన్‌బరోలో న్యూ వెటర్నరీ కాలేజీలో చేరింది. ప్రిన్సిపాలు విలియం విలియమ్స్ చేర్చుకున్నాడు. పరీక్షలు పెట్టి పట్టా ఇచ్చే రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ మాత్రం ఆడది కాబట్టి పరీక్షకు కూర్చోనివ్వలేదు. 1900లో చదువు పూర్తిచేసింది, చేతిలో పట్టా లేదు. అప్పుడు విలియమ్సే సిఫారసు చేస్తే, ఐర్లండ్‌లో రాస్‌కామన్ జిల్లాలో విలియం బర్న్ అనే పశువైద్యుడు ఆమెను సహాయకురాలిగా పెట్టుకున్నాడు. ఆమె గుర్రం మీద పల్లెలు తిరిగి వైద్యం చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వెళ్ళి సైన్యం గుర్రాలకు సేవ చేసింది. ఆడవాళ్ళను వృత్తుల్లోకి రానివ్వకపోవడం చెల్లదని 1919లో బ్రిటన్‌లో చట్టం వచ్చింది. ఆ తర్వాత 1922 డిసెంబరులో ఆమె చేతికి పట్టా వచ్చింది, యాభై నాలుగేళ్ళ వయసులో. ఇరవై రెండేళ్ళు ఆమె దగ్గరున్నది ఒక గురువు మాట, పక్కన పనిచేసిన ఒక డాక్టరు నమ్మకం, అంతే. ఇవాళ అమెరికా వెటర్నరీ క్లాసుల్లో ఐదుగురిలో నలుగురు ఆడపిల్లలే. కస్ట్ పేరు వాళ్ళలో ఎందరికి తెలుసో గానీ, తెలియాలని నా కోరిక.

ఇక కాలేజీల గుర్తింపు, డబ్బు సంగతి. వీటి గురించి చుట్టాల్లో ఎవరూ సూటిగా మాట్లాడరు, నేను మాట్లాడతాను. ఎడిన్‌బరోలోని రాయల్ డిక్ కాలేజీ, గ్లాస్గో, లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ, డబ్లిన్, ఇటు కరీబియన్ దీవుల్లో రాస్, సెయింట్ జార్జెస్. వీటికి అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు ఉంది. అక్కడ చదివి వచ్చినవాళ్ళు అమెరికాలో చదివినవాళ్ళలాగే నావ్లీ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవచ్చు. గుర్తింపు లేని కాలేజీ అయితే ఈసీఎఫ్‌వీజీ లాంటి అర్హత పరీక్షల దారిలో పోవాలి. మన ఇక్కడి బీవీఎస్సీతో వెళ్ళినవాళ్ళంతా ఆ దారిలో నడిచినవాళ్ళే. నా క్లాస్‌మేట్లు కొందరు ఇక్కడ సర్జరీలు చేసి, అక్కడ ఏళ్ళ తరబడి క్లినిక్కుల్లో టెక్నీషియన్లుగా పనిచేస్తూ ఒక్కో మెట్టూ ఎక్కారు. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ తెలిసి తెలిసి పిల్లల్ని గుర్తింపు లేని చోటికి పంపకండి.

అప్పు లెక్క కూడా మారుతోంది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై నుంచి కొత్తగా చేరే ఇలాంటి వృత్తివిద్య విద్యార్థులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. మిగతాది ఇంట్లోవాళ్ళు తేవాలి, లేదా ప్రైవేటు అప్పు తేవాలి. పశువైద్యుల జీతాలు మనుషుల డాక్టర్ల జీతాల్లా ఉండవు. ఈ ముక్క పిల్లకు చెప్పకుండా దాచి, లోపల లోపల నలిగిపోయే తల్లిదండ్రుల్ని చూశాను. ఇరవై రెండేళ్ళ పిల్లకు లెక్క చూపించండి. అర్థం చేసుకుంటుంది, అవసరమైతే ఒక ఏడాది ఆగుతానని తనే అంటుంది. ఒకసారి రానివాళ్ళు మళ్ళీ పెట్టుకోవడం అక్కడ మామూలే. కాదన్న కాలేజీల్లో కొన్ని, అడిగితే ఫైలు తీసి ఎక్కడ తగ్గిందో చెబుతాయి కూడా. సిగ్గుపడకుండా అడగాలి.

ఈలోగా చుట్టాలు చెయ్యగలిగింది ఒకటుంది. "ఇంకా ఏమీ రాలేదా?" అని అడగడం మానడం. "ఇంత చదివి పశువుల డాక్టరా? మనుషుల డాక్టరు కాకూడదూ?" అన్న ప్రశ్న నేను నా సర్వీసంతా విన్నాను. సముద్రం దాటినా అది మా అమ్మాయిని వదల్లేదు. ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ అయ్యాక ఒక పెద్దాయన అదే అడిగితే, "మీ ఊళ్ళో పాలు ఎవరు పిండుతారు తాతయ్యా, ఆ బర్రెకు జబ్బు చేస్తే ఎవరొస్తారు?" అని అడిగిందట. ఆ జవాబు నేను నేర్పలేదు.

జిల్లాల్లో పనిచేస్తున్న మా పశువైద్య మిత్రులకు ఒక మనవి. ఈ వేసవికి అమెరికా నుంచో, హైదరాబాదు నుంచో ఎవరో ఒక పిల్ల వచ్చి మీ పశువైద్యశాలలో నిలబడతానంటుంది. ఓపీలో రద్దీగా ఉంటుంది, మీకు చిరాగ్గానూ ఉంటుంది. అయినా నిలబడనివ్వండి. గాలికుంటు టీకాలకు వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి. రాత్రి కేసొస్తే ఇంట్లోవాళ్ళను అడిగి పిలవండి. రోజువారీ గంటలు రాసుకోమని చెప్పి, వారానికోసారి సంతకం పెట్టండి. పని రాని పిల్లయితే ఆ సంగతి ముందే తనకు చెప్పండి. వచ్చిన పిల్లయితే చూసింది చూసినట్టు రాయండి, పొగడ్తలు అక్కర్లేదు. ఉత్తరం రాయమని మీకు ఒక లింకుతో ఈ-మెయిల్ వస్తుంది. చాలాసార్లు అది స్పామ్‌లో పడుతుంది, అక్కడ కూడా చూడండి. సెప్టెంబరు 15 లోపు పంపాలి.