నూలు చీరలు ఐదే

అడిక్‌మెట్‌లో శరత్తు వచ్చిందని మాకు ఫ్యాను చెబుతుంది. ఐదు మీద తిరిగేది రెండుకు దిగుతుంది. తెల్లవారుజామున కాళ్లు దుప్పటిని వెతుక్కుంటాయి. చిక్కడపల్లి మార్కెట్ దాకా నడిస్తే గునుగు, తంగేడు, బంతి కుప్పలు.

పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ ఒకే అమావాస్య నాడు వస్తాయి. పొద్దున పోయినవాళ్ల తలపు, సాయంత్రం పూలు. ఇన్నేళ్లుగా చూస్తున్నదే అయినా, ఇంట్లో మనిషి పోయాకే అది నాకు తట్టింది. అమ్మ వేసవిలో పోయింది. ఏడాది తిరగలేదు కనుక ఈసారి మాకు పండుగ లేదు. కింద సెల్లార్‌లో బండ్లు పక్కకు జరిపి ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే, పైన నేనూ చిన్నమ్మా అమ్మ బీరువా తెరిచాం.

పట్టువి ఆడపిల్లలకు, తక్కినవి ఎవరికైనా ఇచ్చేయమని చుట్టాల మాట. చిన్నమ్మ ఒప్పుకోలేదు. "బొంత కుడదాం" అంది.

సంకీర్ణ ప్రభుత్వాలను వెక్కిరించాల్సి వస్తే పత్రికలవాళ్లం 'అతుకుల బొంత' అని రాసేస్తాం. నేనూ రాశాను. ఒక్క బొంతైనా కుట్టి ఉంటే రాసేవాణ్ని కాదు.

ముప్పైకి పైగా ఉన్న చీరల్లో నూలువి ఐదే తేలాయి. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అమ్మ గంజి పెట్టడం మానేసి సింథటిక్‌కు మారింది. అవి సూది కింద జారతాయి, చెమట పీల్చవు. చిన్నమ్మ ఒక్కో కొంగునూ వేళ్ల మధ్య నలిపి చూసింది. "కొత్తబట్ట సూదికి లొంగది బిడ్డా. కట్టి కట్టి మెత్తబడ్డదే కావాలె."

ముందు ఉతకాలంది. అమ్మ వాసన పోతుందని అడ్డుపడ్డాను. ముఖానికి ఆనించుకుని చూస్తే ఉన్నది కలరా ఉండల వాసనే. బకెట్‌లో నేనే నానబెట్టాను.

చీరను మధ్యకు రెండు చేసి, ఆ ముక్కలను పక్కపక్కన కలిపితే ఒక పొర. ఐదు చీరలు, ఐదు పొరలు. గట్టివి పైనా కిందా, చిరుగులవి లోపల. ముడత లేకుండా పరిచి, బెత్తెడు ఎడంలో పొడుగు కుట్లు వేసి పొరలు కదలకుండా పట్టాలి. ఆ తర్వాతే వేలెడు ఎడంలో వరసలు. చెప్పినంత తేలిక కాదు. మొదటి చీర దగ్గరే నా చేతిలో కత్తెర ఆగిపోయింది. చిన్నమ్మ కత్తెర పక్కన పెట్టి, అంచు పంటితో కొరికి, సర్రున చింపేసింది. నావంక చూడలేదు.

బెంగాల్ ఆడవాళ్లు తమ బొంత, కాంథా కుట్టడానికి దారం కూడా పాత చీర అంచుల్లోంచే లాగేవారు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో, ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లు కుట్టిన 1,920 గుడ్డలను ఒకే బొంతగా నేల మీద పరిచారు. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఇంచుమించు సమాధి కొలత. అది తలచుకుని, టేపు తీసి మాది కొలిచాను. ఇద్దరు హాయిగా పడుకోవచ్చు.

కుడుతున్నంతసేపూ అమ్మ గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. ఏ చీర ఎప్పటిదన్నదే మాట. ఆకుపచ్చది నా ఉద్యోగం మొదటి జీతంతో కొన్నది అన్నాను. కాదు, అంతకు ముందుదే, మీ నాయన తెచ్చిండు అంది చిన్నమ్మ. ఆ తగువు తీర్చగలిగిన మనిషి లేదు. ఇద్దరం కాసేపు సూదులు పక్కన పెట్టాం.

సద్దుల బతుకమ్మ నాటికి సగమైంది, దీపావళికి పూర్తయింది. వంకర కుట్లు నావి, తిన్ననివి చిన్నమ్మవి. దాచడం లేదు, రోజూ కప్పుకుంటున్నాను. ఒక మూల అప్పుడే దారం తెగింది.

మీ ఇంట్లోనూ ఎవరివైనా చీరలు మూటగట్టి ఉంటే, ఇచ్చేసే ముందు ఒక్కసారి వేళ్ల మధ్య నలిపి చూడండి. నూలువైతే ఆపండి.