చలిలో ఏ ముక్క విరగాలి?

డిసెంబరు నెల నడిమికి వచ్చేసరికి అమెరికాలోని మిన్నెసోటాలో సరస్సులు గడ్డకడతాయి. గట్టి మంచు 4 అంగుళాల మందం పేరుకుంటే మనిషి దాని మీద నడవొచ్చని అక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. ఆ 4 అంగుళాల కోసం ఎదురుచూసేవాళ్లలో చేపలు పట్టేవాళ్లతో పాటు రిమోట్‌తో నడిపే ఆర్‌సీ కార్ల వాళ్లు కూడా ఉంటారు. వాళ్లు టైరు లోపలి నుంచి బుల్లి స్క్రూలు దిగ్గొట్టి మొనలు బయటికి తేలేలా చేస్తారు, బ్యాటరీలు కోటు లోపలి జేబులో వెచ్చగా పెట్టుకుంటారు, మైనస్ 15 డిగ్రీల చలిలో రిమోట్ పట్టుకుని నిలబడతారు.

ఇదేదో పిల్లల ఆటబొమ్మ అనుకోకూడదు. అసలు కారులో పదోవంతు సైజుండే ఈ బండి 2 నుంచి 3 కిలోలు తూగుతుంది. 3 కిలోల బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ, మంచు కింద కనబడని ఫుట్‌పాత్ అంచును కొట్టిందంటే దాదాపు 290 జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట తీరాలి. 25 కిలోల బియ్యం బస్తా ఛాతీ ఎత్తు నుంచి నేలన పడ్డంత దెబ్బ అది. ఆ దెబ్బను ముందుగా కాచుకునేది చక్రాన్ని చాసీకి కలిపే సస్పెన్షన్ ఆర్మ్. దాన్ని ఎక్కువగా నైలాన్‌తో పోత పోస్తారు.

వేసవంతా ఎన్ని పల్టీలు కొట్టినా చెక్కుచెదరని ఆర్మ్ జనవరిలో మొదటి దెబ్బకే పుటుక్కుమంటుంది. అప్పుడు ఎవరికైనా చేయి నేరుగా అల్యూమినియం ముక్కల మీదికే పోతుంది. నీలం, ఎరుపు రంగుల్లో మెరుస్తూ, ప్లాస్టిక్ ధరకు కొన్ని రెట్లు పలుకుతూ, ఇక జన్మలో విరగవన్నంత ధీమాగా కనిపిస్తాయవి. చలికాలపు బండికి ఆర్మ్‌లు మాత్రం ప్లాస్టిక్‌వే ఉండాలని నా గట్టి అభిప్రాయం. దేన్ని విరగనివ్వాలో, దేన్ని విరగనివ్వకూడదో ముందే తేల్చుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం. ప్లాస్టిక్కా, లోహమా అన్న ప్రశ్న దాని తర్వాతే వస్తుంది.

ముందుగా, విరిగిన ముక్కను పారేయకుండా వెలుతురులో పెట్టి చూడాలి. వేసవిలో విరిగిన నైలాన్ ఆర్మ్ అంచు తెల్లబారి, సాగి, చింపిరిగా ఉంటుంది. విరగడానికి ముందు అది వంగింది, సాగింది, దెబ్బలో చాలా భాగాన్ని తానే మింగింది అనడానికి ఆ తెల్లదనమే సాక్ష్యం. చలిలో విరిగిన దాని అంచు నున్నగా, గాజు పెంకు పగిలిన చోటులా ఉంటుంది. తెల్లటి మరక ఉండదు, సాగిన జాడ ఉండదు. అదే కంపెనీ ముక్క, అదే అచ్చు. చలికి దాని గుణం మారిపోయింది, అంతే.

ఇక్కడ చలి ఒక్కదాన్నే తప్పుపట్టడానికి లేదు. 1935లో డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసిన ఈ పదార్థానికి నీళ్లంటే ప్రాణం. గాలిలోని తేమను అదే పీల్చుకుంటుంది. మామూలు తేమ ఉన్న గాలిలో తన బరువులో రెండు మూడు శాతం, నీళ్లలో చాలాకాలం నానితే ఎనిమిది తొమ్మిది శాతం దాకా నీరు పట్టుకుంటుంది. ఆ నీటి అణువులు నైలాన్ గొలుసుల మధ్య దూరి, అవి ఒకదానిమీద ఒకటి జారేలా చేస్తాయి. బాగా ఎండిన నైలాన్ 50, 60 డిగ్రీల కిందికి రాగానే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. తేమ నిండుగా ఉన్న నైలాన్‌కు ఆ గీత సున్నా కిందికి జారుతుంది. అమెరికాలో చలికాలమంతా హీటర్లు తిరిగే ఇళ్లలో గాలి పొడిబారిపోతుంది. పెదవులు పగిలే ఆ గాలిలోనే షెల్ఫు మీది బండీ నెలలపాటు ఎండుతుంది. చలి బయట ఎదురైనా, నైలాన్ పెళుసుబారడం ఇంట్లోనే మొదలవుతుంది.

దీనికి పాతకాపులు చేసే వైద్యం ఆర్మ్‌లను నీళ్లలో ఉడకబెట్టడం. ఆర్మ్‌ల నుంచి అవి ఆడే హింజ్ పిన్నులు, స్క్రూలు తీసేయాలి. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు మరిగించి, ముక్కలను అడుగుకు తగలకుండా ఒక తీగకు గుచ్చి వేలాడదీయాలి. వేడి గిన్నె అడుగుకు ఆనిన ముక్క వంకర పోతుంది, వంకర ఆర్మ్ బండిని జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది. అరగంట మరిగాక మంట ఆపి, అవే నీళ్లలో చల్లారనివ్వాలి. తీశాక చేత్తో కొద్దిగా మెలిపెట్టి చూస్తే తేడా వేళ్లకే తెలుస్తుంది: ఇంతకుముందు మొరాయించిన ముక్క ఇప్పుడు కొద్దిగా ఒంగి తిరిగి నిటారవుతుంది. ఆ పీల్చుకున్న తేమ ఆరిపోకుండా, విడి ఆర్మ్‌లను తడిగుడ్డ పేలికతో పాటు జిప్ కవర్లో దాచుకోవాలి. గేర్లను మాత్రం ఉడకబెట్టకూడదు. తేమకు నైలాన్ ఉబ్బుతుంది, పళ్ల కొలత మారితే గేర్లు సరిగా కుదరవు.

ఈ వైద్యానికీ ఒక హద్దుంది. మైనస్ 10, 15 దగ్గర పనికొస్తుంది. చలి ముదిరేకొద్దీ లాభం కరుగుతుంది, మైనస్ 40 దగ్గర తడి నైలాన్, పొడి నైలాన్ రెండూ ఒకేలా పెళుసుగా ఉంటాయి. అంత చలిలో బండిని ఇంట్లోనే ఉంచడం మేలు.

ప్లాస్టిక్ అనగానే అన్నీ ఒకటి కావు. రేసులవాళ్లకు ఆర్మ్ బిగువుగా ఉండాలి కనుక నైలాన్‌లో గాజు పీచో కార్బన్ పీచో కలుపుతారు. ఎండలో అది వరమే, మంచులో మాత్రం ముందు విరిగేది అదే. స్లొవేకియాకు చెందిన ఎక్స్‌రే లాంటి తయారీదారులు ఒకే ముక్కను మెత్తన, మధ్యస్థం, గట్టి రకాలుగా అమ్ముతారు. చలికాలానికి మెత్తనిదే తీసుకోవాలి. కాలిఫోర్నియాకు చెందిన ఆర్‌పీఎం ఆర్మ్‌లు ఇంత పేరు తెచ్చుకున్నది విరగకుండా వంగే గుణంతోనే. మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో బండి నడిపేవాళ్లకు ఇదంతా తలకిందులు. అక్కడ నైలాన్ దానంతటదే మెత్తబడుతుంది కాబట్టి గట్టి రకం వాడుకోవచ్చు. వేడి ఊళ్లవాళ్ల సలహాలను చలి ఊళ్లో పాటిస్తే ముక్కలే మిగులుతాయి.

ఇక లోహం సంగతి. చలికి అల్యూమినియం పెళుసెక్కదు, ఇంకాస్త బలపడుతుంది కూడా. శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్‌లో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌ను మోసే ట్యాంకు అల్యూమినియం మిశ్రమంతో చేసినదే. ఆర్మ్‌గా అది అక్కరకు రాకపోవడానికి కారణం వేరు: అది దెబ్బను తనలో దాచుకోదు. ఫుట్‌పాత్ అంచు తగలగానే ఆ 290 జౌళ్లను ఉన్నవున్నట్టు వెనక్కి, తనను చాసీకి పట్టి ఉంచే బల్క్‌హెడ్‌లోకి తోసేస్తుంది. ఆ బల్క్‌హెడ్ ఇంకా ప్లాస్టిక్‌దే, చలికి అదీ బిగుసుకునే ఉంది. పగిలేది అదే. ఆర్మ్ మార్చాలంటే ఒక పిన్ను, ఒకట్రెండు స్క్రూలు. బల్క్‌హెడ్ మార్చాలంటే డిఫ్ విప్పాలి, షాక్ టవర్ విప్పాలి, ఒక సాయంత్రం పోయినట్టే. పైగా దెబ్బ గట్టిదైతే అల్యూమినియం ఆర్మ్ వంగి, వంగినట్టే ఉండిపోతుంది. బండి పక్కకు లాగుతుంటే కారణమేమిటో చాలాసేపు అంతుపట్టదు.

మెరిసేదల్లా అల్యూమినియం కూడా కాదు. చవక సెట్లలో కొన్ని ముక్కలు జింకు మిశ్రమం పోతలు. జింకు పోత సున్నా కిందికి దిగిందంటే దెబ్బకు ఇట్టే పగులుతుంది. చేతిలో తూచి చూస్తే బయటపడుతుంది, అంతే సైజు అల్యూమినియం కంటే రెండు రెట్లకు పైగా బరువుంటుంది. ఉక్కుకూ చలి భయం ఉంది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో నిలిపి ఉన్న షెనెక్టాడీ అనే కొత్త చమురు ఓడ, అలలు లేకుండానే, నడిమికి దాదాపు రెండుగా విరిగింది. చలిలో ఉక్కు పెళుసెక్కడం గురించి ఇంజినీర్లు గట్టిగా ఆలోచించడానికి అలాంటి ప్రమాదాలే కారణం.

అలాగని లోహాన్ని తోసిపుచ్చలేం. చక్రాన్ని ఇరుసుకు పట్టే 12 మిల్లీమీటర్ల హెక్స్ ప్లాస్టిక్‌దైతే మంచులో చక్రం ఇరుక్కున్నప్పుడు మూలలు అరిగి గుండ్రబడుతుంది, అది అల్యూమినియంది ఉండాలి. మోటారు వేడిని లాగేసే మోటార్ ప్లేటు, షాక్ మూతలు కూడా అంతే. చలికి షాక్‌లోని నూనె చిక్కబడి లోపల ఒత్తిడి పెరిగితే ప్లాస్టిక్ మూత మరలు ఊడిపోతాయి. అందుకే షాక్‌లో పలచటి నూనె పోయాలి. డ్రైవ్ షాఫ్టులు ఉక్కువి కావాలి. ఇవన్నీ మెలిపెట్టే బలాన్నో, వేడినో, ఒత్తిడినో మోసేవే, దెబ్బకు నేరుగా ఎదురెళ్లేవి కావు. 1984లో టీమ్ అసోసియేటెడ్ తెచ్చిన ఆర్‌సీ10 బండిలో ఈ పంపకం అప్పుడే ఉంది: బంగారు రంగు అల్యూమినియం చాసీ, దానికి నైలాన్ ఆర్మ్‌లు. ఆ బండి గొప్పదనం గురించి ఎంతో మాట్లాడతారు, నాకు మాత్రం దానిలో అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఈ తూకమే.

రెండు పదార్థాలు కలిసేచోట మరో చిక్కుంది. చలికి నైలాన్ అల్యూమినియంకు మూడు నాలుగు రెట్లు కుంచించుకుంటుంది. గదిలో 25 డిగ్రీల దగ్గర సాఫీగా ఆడిన ఆర్మ్, మైనస్ 20 దగ్గర హింజ్ పిన్ను చుట్టూ బిగిసి సగంలో ఆగిపోవచ్చు. పూర్తిగా బిగించే ముందు ఆర్మ్‌ను పైకెత్తి వదిలితే దాని బరువుకే కింద పడాలి. ఈ పరీక్ష వెచ్చటి గదిలో చేస్తే చాలదు, గరాజులో ఒక రాత్రి ఉంచాక మళ్లీ చేయాలి. పడకపోతే రీమర్‌తో చిల్లును వెంట్రుకవాసి పెద్దది చేసుకోవాలి.

ముక్కల సంగతి అలా ఉంచితే, జేబులో వెచ్చగా దాచుకున్న ఆ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని చలిలో వాడొచ్చు గానీ, సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెట్టకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది.

మిన్నెసోటాలోని మినియాపొలిస్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు ఇళ్లలో క్రిస్మస్ సెలవులకు పిల్లలకు ఇలాంటి బండి కొంటారు. దాంతో పాటే తొందరపడి లోహపు ఆర్మ్‌ల సెట్టు కొనకండి. ఆ డబ్బుతో రెండు జతల మెత్తటి నైలాన్ ఆర్మ్‌లు, ఒక జత అల్యూమినియం హెక్సులు, ఒక మంచి హెక్స్ డ్రైవరు వస్తాయి. ఆర్మ్ విరిగిన రోజున బండిని, డ్రైవరును పిల్లల చేతికే ఇవ్వండి. పదేళ్ల పిల్ల చూసి మార్చుకోగల ముక్క అది. పిన్ను లాగి, కొత్త ఆర్మ్ పెట్టి, బిగించే ముందు ఎత్తి వదిలి చూడమని ఒక్కసారి చూపిస్తే చాలు.